మన వివరాలూ ఒక అమానతే

ఈ నెల ఒక కొత్త రకం దొంగతనం గురించి మీతో మాట్లాడదలిచాము. దొంగతనం కొత్తదే గాని, దానికి ధర్మం చూపిన పరిష్కారం మాత్రం చాలా పాతది.

కొంతకాలం క్రితం ఒక జుమా నాడు నమాజు ముగిసి, జనం వెళ్ళిపోయాక ఒక సోదరుడు మా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. ఇళ్ళకు రంగులు వేసే కాంట్రాక్టు పని ఆయనది. బిల్డరు ఆయన బిల్లులో నూటికి ఒక రూపాయి చొప్పున టీడీఎస్ కింద పట్టుకొని ప్రభుత్వానికి జమ చేశాడు. ఈయన ఆదాయం పన్ను పడేంత లేదు. కనుక ఎనిమిది వేల పైచిలుకు రూపాయలు ఈయనకు తిరిగి రావాలి. రిటర్ను దాఖలు చేసి ఎదురుచూస్తున్నాడు. అటువంటి సమయంలో ఒక ఫోను వచ్చింది. మాట్లాడినవాడు ఈయన పేరు, తండ్రి పేరు, పాన్ నంబరు తప్పు లేకుండా చదివి వినిపించాడు. రిఫండ్ మంజూరైందని, బ్యాంకు ఖాతా నంబరు సరిపోలడం లేదని, సాయంత్రంలోగా సరిచేయకపోతే డబ్బు వెనక్కి పోతుందని చెప్పాడు. ఒక లింకు పంపాడు. ఈయన అందులో అడిగినవన్నీ నింపాడు. ఫోనుకు వచ్చిన ఓటీపీ కూడా చెప్పాడు. పది నిమిషాలు గడవకముందే కూతురి పెళ్ళికని దాచుకున్న లక్షా నలభై వేల రూపాయలు ఖాతాలోంచి వెళ్ళిపోయాయి.

ఇదంతా చెప్పి ఆయన ఒక ప్రశ్న వేశాడు. “భాయ్ సాబ్, నా పాన్ నంబరు వాళ్ళే చెప్పారు గదా! ఆఫీసు వాళ్ళు కాకపోతే వాళ్ళకెలా తెలుస్తుంది?” కాసేపాగి, తల దించుకొని మరోమాట అన్నాడు. “ఇంట్లో ఇంకా చెప్పలేదు.”

ఆ రెండు మాటలూ మమ్మల్ని చాలా రోజులు వదలలేదు. ఈ వ్యాసం వాటికి జవాబు చెప్పే ప్రయత్నమే.

చొక్కా నిజమైనదే, రక్తం అబద్ధం

దివ్య ఖుర్ఆన్ 12వ సూరాలో హజ్రత్ యూసుఫ్ (అలై) వృత్తాంతం మనందరికీ తెలిసినదే. బాలుడైన యూసుఫ్ తనకు వచ్చిన కలను తండ్రి హజ్రత్ యాఖూబ్ (అలై)కు చెప్పుకున్నప్పుడు ఆయన మొదట చేసిన హెచ్చరిక ఏమిటి? ఆ కలను అన్నలకు చెప్పవద్దని, చెబితే వారు ఏదో పన్నాగం పన్నుతారని ఆయన జాగ్రత్త చెప్పారు. ఆ కల శుభవార్తే. దాన్ని దాచడం అబద్ధమాడటమూ కాదు. అయినా ఎవరికి ఏది చెప్పాలో, ఏది చెప్పకూడదో కొడుకుకు నేర్పడం ఒక ప్రవక్త తన ఇంట్లో చేసిన శిక్షణ. అపాయం బయటివారి నుంచే రానక్కర లేదని కూడా ఆయనకు తెలుసు.

అన్నలు యూసుఫ్‌ను బావిలో పడవేసి, రాత్రివేళ ఏడుస్తూ ఇంటికి వచ్చారు. తోడేలు తినేసిందని చెప్పి, రక్తం పూసిన చొక్కా చూపించారు. ఆ చొక్కా నిజంగా యూసుఫ్‌దే. కాని దానిపై ఉన్న రక్తం మాత్రం అబద్ధం. హజ్రత్ యాఖూబ్ (అలై) కొడుకు చొక్కాను గుర్తుపట్టినంత మాత్రాన ఆ కథను నమ్మలేదు. అది వారి మనసులు అల్లిన మాట అని గ్రహించి, సహనం వహించి, అల్లాహ్ సహాయం కోరారు.

మన సోదరుని మొదటి ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. పాన్ నంబరు ఆయనదే. పేరు, తండ్రి పేరు నిజమైనవే. కాని ఆ ఫోను అబద్ధం. మన వివరాలు తెలిసినవాడల్లా అధికారి కాడు. అవి ఎక్కడో మన చేతినుంచే జారిపోయి అతని చేతికి చేరి ఉంటాయి. కార్డును జిరాక్స్ తీయించిన చోట, సిమ్ కొన్న దుకాణంలో, అప్పు ఇస్తామని ఫోనులో వచ్చిన ఏదో యాప్‌లో, వాట్సాప్‌లో పంపిన ఫోటోలో అవి మిగిలిపోతాయి. దొంగ చేతిలో ఉన్నది మన చొక్కా అని తెలిసినా, దానిపై రక్తం ఎవరిదో విచారించకుండా నమ్మకూడదు.

రిఫండ్ అంటే మన సొమ్మే

చాలామందికి రిఫండ్ అనగానే ప్రభుత్వం ఇచ్చే బహుమతి అనే భావం కలుగుతుంది. మోసగాళ్ళు ఆడుకునేది ఈ భావంతోనే. అసలు రిఫండ్ అంటే మన వద్ద అవసరానికి మించి పట్టుకున్న పన్ను మనకు తిరిగి రావడం. జీతగాళ్ళకు, చిన్న కాంట్రాక్టర్లకు ఇది తరచుగా వస్తుంది. విదేశాల్లో ఉన్నవారికి ఇంకా పెద్ద మొత్తంలో ఉంటుంది. కువైట్‌లో ఉన్న కడప జిల్లా సోదరుడో, దుబాయిలో ఉన్న నిజామాబాద్ సోదరుడో ఊళ్ళో ఇల్లు అమ్మితే, కొన్నవారు ధరలోంచి పన్ను పట్టుకొని కట్టాలి. అలా పట్టుకున్నది అసలు పడే పన్ను కంటే ఎక్కువైతే మిగతాది తిరిగి రావాలి. భర్త గల్ఫ్‌లో, ఖాతా చూసుకునేది ఇక్కడ భార్య. దొంగ ఫోను ఆ ఇంటికి వస్తే ఎంత నష్టమో ఊహించండి.

రిఫండ్ ఎలా వస్తుందో తెలిసినవారిని మోసగించడం కష్టం. 2019 మార్చి 1 నుంచి ఆదాయపు పన్ను శాఖ రిఫండ్లను పాన్‌తో జతచేసిన బ్యాంకు ఖాతాలోనే నేరుగా జమ చేస్తోంది. ఏ ఖాతాలో వేయాలో మనం శాఖ వారి ఇ-ఫైలింగ్ వెబ్‌సైటులోకి వెళ్ళి ముందుగానే నమోదు చేసి ధ్రువీకరించుకుంటాము. రిఫండ్ పొందడానికి ఎవరికీ రుసుము కట్టనక్కర లేదు. కార్డు నంబరు, పిన్, పాస్‌వర్డు వంటివి ఈ-మెయిలు ద్వారా తాము అడగమని శాఖ వారు ఎన్నోసార్లు ప్రకటించారు. 2023లో 15,490 రూపాయల రిఫండ్ మంజూరైందని, ఖాతా నంబరు తప్పయితే లింకు నొక్కి సరిచేసుకోమని ఒక సందేశం దేశమంతా తిరిగింది. అది బూటకమని ప్రభుత్వ సమాచార విభాగం ప్రకటించవలసి వచ్చింది. మొత్తాన్ని 15 వేలు అని గుండుగా చెప్పకుండా 15,490 అని చెప్పడంలోనే వారి తెలివి ఉంది. లెక్క కచ్చితంగా ఉంటే మనిషి నమ్ముతాడు.

కనుక ఒక్క సూత్రం గుర్తుంచుకుంటే చాలు. మన సొమ్ము మనకు ఇవ్వడానికి మన రహస్యాలు అడిగేవాడు ఇచ్చేవాడు కాడు, తీసుకుపోయేవాడు.

వార్తను విచారించమన్న ఆదేశం

దివ్య ఖుర్ఆన్ 49వ సూరా 6వ ఆయతులో, నమ్మదగని వ్యక్తి ఏదైనా వార్త తెస్తే దాన్ని బాగా విచారించమని విశ్వాసులకు ఆదేశం ఉంది. లేకపోతే తెలియక హాని చేసి, తర్వాత పశ్చాత్తాపపడవలసి వస్తుందని అక్కడే హెచ్చరించడం జరిగింది. ముక్కూ మొహమూ తెలియనివాడు ఫోనులో చెప్పిన మాటకు ఈ ఆదేశం వర్తించదా? విచారించడమంటే అతణ్ణే మళ్ళీ అడగడం కాదు. అతడు పంపిన లింకు నొక్కి చూడటమూ కాదు. ఫోను పెట్టేసి, మనకు మనమే శాఖ వెబ్‌సైటు తెరిచి చూసుకోవాలి. లేదా మన రిటర్ను వేసిన ఆడిటరును అడగాలి. పన్ను శాఖ నుంచి వచ్చే నోటీసులు, ఉత్తరాలపై 2019 అక్టోబరు 1 నుంచి ఒక గుర్తింపు సంఖ్య వేస్తున్నారు. వచ్చిన నోటీసు నిజమైనదో కాదో ఆ వెబ్‌సైటులోనే సరిచూసుకోవచ్చు.

దొంగ ఎప్పుడూ తొందరపెడతాడు. సాయంత్రంలోగా అంటాడు, ఇదే ఆఖరి అవకాశమంటాడు. ఫోను పెట్టవద్దంటాడు, ఎవరికీ చెప్పవద్దంటాడు. నిదానం అల్లాహ్ తరఫు నుంచి, తొందరపాటు షైతాన్ తరఫు నుంచి వస్తుందనే భావం గల హదీసు తిర్మిజీ గ్రంథంలో ఉంది. తొందరపెట్టే ఫోను వచ్చినప్పుడు ఆ హదీసు గుర్తుకు రావాలి. న్యాయంగా మనకు రావలసిన సొమ్ము ఒక్క పూట ఆలస్యమైతే ఎక్కడికీ పోదు.

అల్లాహ్ మీద భారం వేశాము, ఏమీ కాదులే అనేవారు కూడా మనలో ఉన్నారు. ఒంటెను కట్టేయాలా, వదిలేసి అల్లాహ్‌పై నమ్మకం ఉంచాలా అని ఒక వ్యక్తి అడిగితే, కట్టేసి ఆ తర్వాత నమ్మకం ఉంచమని దైవప్రవక్త (స) సమాధానమిచ్చారు. జాగ్రత్త తీసుకోవడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు, అందులో ఒక భాగం. విశ్వాసి ఒకే పుట్ట నుంచి రెండుసార్లు కాటు తినడని ఆయన బోధించినట్లు హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించారు. ఇరుగింటివారు కాటు తిన్న పుట్టలో మనం చెయ్యి పెట్టడం కూడా వివేకం కాదు.

ప్రవక్త (స) ఉంగరం

ఒకరి పేరును, గుర్తును మరొకరు వాడుకోవడం ఎంత ప్రమాదమో ఇస్లాం మొదటి తరానికే తెలుసు. దైవప్రవక్త (స) పొరుగు దేశాల రాజులకు ఇస్లాం సందేశం పంపదలచినప్పుడు, ముద్ర లేని ఉత్తరాన్ని వారు చదవరని ఆయనకు తెలియజేశారు. అప్పుడు ఆయన ఒక వెండి ఉంగరం చేయించుకుని, దానిపై ముహమ్మద్, రసూల్, అల్లాహ్ అనే మూడు పదాలను మూడు వరుసల్లో చెక్కించారు. ఆపైన, తన ఉంగరం మీది మాటలను మరెవరూ తమ ఉంగరంపై చెక్కించుకోరాదని నిషేధించారు. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన ఈ విషయం బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది.

ఆ నిషేధం ఎందుకో ఆలోచించండి. ఆయన చుట్టూ ఉన్నది సహాబాలు, ఆయన కోసం ప్రాణాలిచ్చేవారు. వారిపై అనుమానంతో చేసిన పని కాదది. ముద్ర ఒక్కటే ఉన్నంతకాలం దానికి విలువ. రెండోది పుడితే ఏది నిజమైన ఉత్తరమో, ఏది కల్పితమో తేల్చడం కష్టమవుతుంది. ఆ ఉంగరం ఆయన తర్వాత హజ్రత్ అబూబక్ర్ (రజి) చేతికి, ఆపై హజ్రత్ ఉమర్ (రజి) చేతికి, తర్వాత హజ్రత్ ఉస్మాన్ (రజి) చేతికి వచ్చింది. ఒకరోజు అది అరీస్ అనే బావిలో జారిపడింది. మూడు రోజులు వెతికించినా దొరకలేదు.

ఆ తర్వాత హిజ్రీ 35లో జరిగిన విషాదాన్ని చరిత్ర గ్రంథాలు వివరిస్తున్నాయి. ఖలీఫా ముద్రతో ఉన్న ఒక లేఖ ఈజిప్టుకు తిరిగి వెళ్తున్న వారి చేతికి చిక్కింది. దాన్ని తాను రాయలేదని, రాయించలేదని హజ్రత్ ఉస్మాన్ (రజి) ప్రమాణం చేసి చెప్పినా తిరుగుబాటుదారులు వినలేదు. ఆయన ఇంటిని ముట్టడించి, చివరకు ఆయన్ను షహీద్ చేశారు. ఒక మనిషి పేరును మరొకరు వాడుకుంటే అపకారం డబ్బుతో ఆగిపోదు.

నేడు మన పాన్, ఆధార్, సంతకం, వేలిముద్ర, ఓటీపీ, ఇవే మన ముద్ర ఉంగరాలు. వాటితో మన పేరున సిమ్ తీసుకోవచ్చు, అప్పు తీసుకోవచ్చు, బూటకపు కంపెనీ పెట్టవచ్చు. కూలిపని చేసుకునేవారికి కోట్ల రూపాయల పన్ను నోటీసులు వచ్చిన సంఘటనలు పత్రికల్లో చూస్తూనే ఉన్నాము. 2018లో మన తెలంగాణలోనే ఒక సిమ్ కార్డుల వ్యాపారి, రిజిస్ట్రేషన్ దస్తావేజుల్లో ఉన్న ప్రజల వేలిముద్రల నుంచి నకిలీ ముద్రలు తయారుచేసి, వాటితో వేలకొద్దీ సిమ్‌లు తీసి పట్టుబడ్డాడు. ఆ దస్తావేజుల యజమానులు చేసిన పొరపాటేమీ లేదు. అయినా వారి వేలు వారికి తెలియకుండానే మరొకరి పనికి ముద్ర వేసింది.

అమెరికాలో ఉన్న మన పిల్లల విషయంలో ఈ దొంగతనం మరో రూపంలో వస్తుంది. అక్కడ సోషల్ సెక్యూరిటీ నంబరు తెలిసిన దొంగ మనకంటే ముందే మన పేరున రిటర్ను వేసి రిఫండ్ కాజేస్తాడు. మనం అసలు రిటర్ను వేసేసరికి అది ఇప్పటికే దాఖలైందని తిరిగి వస్తుంది. అందుకే అక్కడి పన్ను శాఖ, అడిగినవారికి ఏటా మారే ఆరంకెల రహస్య సంఖ్య ఇస్తోంది. 2021 నుంచి ఆ సౌకర్యం అందరికీ ఉంది. ఆ శాఖ సాధారణంగా మొదట ఉత్తరం ద్వారానే సంప్రదిస్తుంది. ఫోనులో అరెస్టు బెదిరింపులు వస్తే అవి మోసమని పిల్లలకు తెలియాలి.

ఇతరుల కాగితాలు మన చేతిలో ఉన్నప్పుడు

ఇంతవరకు మన వివరాలను కాపాడుకోవడం గురించి చెప్పుకున్నాము. ఇతరుల వివరాలు మన చేతికి వచ్చినప్పుడు మన బాధ్యత ఇంకా పెద్దది. 4వ సూరా 58వ ఆయతులో అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించమని అల్లాహ్ ఆదేశించాడు. అమానతు అంటే దాచిపెట్టమని ఇచ్చిన నగో, నగదో మాత్రమే కాదు. ఒక వ్యక్తి ఒక పని కోసం మనకిచ్చిన కాగితం కూడా అమానతే.

మన మస్జిదు కమిటీలు, సంఘాలు ఏం చేస్తున్నాయో ఒకసారి చూసుకుందాం. రంజాన్ రేషన్ కిట్ల కోసం ఆధార్ జిరాక్సులు తీసుకుంటాము. షాదీ ముబారక్ దరఖాస్తు కోసం వధువు ఆధార్, తల్లి బ్యాంకు పాస్‌బుక్కు తీసుకుంటాము. హజ్ దరఖాస్తు కోసం పాస్‌పోర్టులు తీసుకుంటాము. పని అయిపోయాక ఆ కాగితాలు ఎక్కడున్నాయి? మస్జిదు అల్మారాలో తాళం లేకుండా పడి ఉన్నాయి. కొన్ని చిత్తుకాగితాల వాడికి వెళ్ళాయి. జకాత్ తీసుకునే వితంతువుల జాబితా, వారి ఆధార్ ఫోటోలతో సహా, రెండు వందల మంది ఉన్న వాట్సాప్ గ్రూపులో పెట్టిన కమిటీలు కూడా ఉన్నాయి. పేదలకు గుప్తంగా ఇవ్వడం మేలని 2వ సూరా 271వ ఆయతు మనకు నేర్పింది. మనం ఆ పేదరాలి పేరునూ బయటపెట్టాము, ఆమె ఇంటి తాళాన్నీ దొంగ చేతికిచ్చాము.

కాబట్టి కమిటీ పెద్దలకు మా మనవి ఇది. అవసరం లేని కాగితం అడగవద్దు. తీసుకున్నది ఒకరి బాధ్యతలో తాళంలో ఉండాలి. పని ముగిశాక తిరిగి ఇచ్చేయాలి, లేదా చింపి కాల్చాలి. ఫోనులో ఉన్న ఫోటోలు తుడిచేయాలి. ఇది నిర్వహణకు సంబంధించిన చిన్న విషయం కాదు, ప్రళయ దినాన లెక్క అడిగే విషయం.

మనమే మోసగాళ్ళం కాకూడదు

ఈ విషయంలో కొంచెం చేదుగా ఉన్నా చెప్పవలసిన మాట ఒకటుంది. రిఫండ్ మోసంలో ఎప్పుడూ మనం మోసపోయే పక్షాన్నే ఉండము. కొందరు ఏజెంట్లు జీతగాళ్ళ దగ్గరికి వచ్చి, పట్టుకున్న పన్నంతా వెనక్కి తెప్పిస్తాము, వచ్చినదాంట్లో ఇంత శాతం ఇవ్వండి అంటారు. పాన్, పాస్‌వర్డు తీసుకొని, కట్టని ఇంటి అద్దె కట్టినట్లు, ఇవ్వని విరాళం పార్టీలకు ఇచ్చినట్లు, లేని వైద్య బీమా ఉన్నట్లు రాసి రిటర్ను వేస్తారు. 2025 జులై 14న ఆదాయపు పన్ను శాఖ ఇటువంటి ఏజెంట్లపై దేశవ్యాప్తంగా 150 చోట్ల తనిఖీలు మొదలుపెట్టింది. అంతకు ముందు నాలుగు నెలల్లోనే, శాఖ హెచ్చరికల తర్వాత సుమారు 40 వేల మంది తమ రిటర్నులు సరిచేసి 1,045 కోట్ల రూపాయల తప్పుడు క్లెయిములను వెనక్కి తీసుకున్నారని ప్రభుత్వం ప్రకటించింది. కొందరు ఏజెంట్లు రిటర్నుల కోసమే తాత్కాలిక ఈ-మెయిళ్ళు సృష్టించి, తర్వాత వదిలేశారనీ, అందువల్ల శాఖ నోటీసులు అసలు మనిషికి చేరనే లేదనీ అప్పుడే తేలింది.

ఏజెంటు చేశాడు, నాకేం తెలుసు అంటే సరిపోతుందా? రిటర్ను మన పేరున ఉంది. ఇది నిజమని ధ్రువీకరించింది మన ఓటీపీ. సొమ్ము చేరింది మన ఖాతాలో. అన్యాయంగా ఒకరి సొమ్ము ఒకరు తినవద్దని 4వ సూరా 29వ ఆయతులో నిషేధం ఉంది. ప్రభుత్వ ఖజానా ఎవరి సొమ్మూ కాదనుకోవడం పొరపాటు. అది అందరి సొమ్ము. బజారులో ధాన్యపు కుప్పలో చెయ్యిపెట్టి లోపల తడి గమనించిన దైవప్రవక్త (స), మోసం చేసేవాడు మనవాడు కాడని ఆ వ్యాపారిని హెచ్చరించారు. పైన పొడి, లోపల తడి ఉన్న రిటర్ను కూడా అటువంటి కుప్పే. ఇప్పటికే అలా జరిగి ఉంటే దాన్ని సరిచేసుకునే మార్గం చట్టంలో ఉంది. నిజాయితీ గల ఆడిటరును కలిసి సరిచేయించుకోండి. తౌబాలో ఒక భాగం అన్యాయంగా తీసుకున్నదాన్ని తిరిగి ఇచ్చేయడమే.

కాలేజీ యువకులకు మరో హెచ్చరిక. మీ బ్యాంకు ఖాతాను, ఏటీఎం కార్డును కొన్నాళ్ళు వాడుకోనిస్తే అయిదు వేలో, పదివేలో ఇస్తామనేవారు ఉన్నారు. దోచుకున్న సొమ్ము చేతులు మారేది అటువంటి ఖాతాల ద్వారానే. రంగుల పని చేసే ఆ సోదరుని కూతురి పెళ్ళి డబ్బు కూడా అలా ఎవరో కుర్రవాడి ఖాతాలోకే వెళ్ళి ఉండవచ్చు. పాపకార్యాల్లో ఒకరికొకరు సహకరించుకోవద్దని 5వ సూరా 2వ ఆయతు స్పష్టం చేసింది. నమాజులు, ఉపవాసాలు మూటగట్టుకొని వచ్చి, తాను అన్యాయం చేసినవారికి ఆ పుణ్యాలన్నీ పంచిపెట్టి దివాలా తీసే మనిషి గురించి దైవప్రవక్త (స) చెప్పిన హదీసు ముస్లిం గ్రంథంలో ఉంది. అయిదు వేలకు ఖాతా అద్దెకిచ్చినవాడు అక్కడ ఏమి చెల్లిస్తాడు?

ఇంట్లో పాటించవలసిన జాగ్రత్తలు

మొదటిది: ఫోనులో అడిగిన ఎవరికీ ఓటీపీ, పిన్, పాస్‌వర్డు చెప్పకూడదు. ఇది ఇంట్లో అమ్మీజాన్ నుంచి స్కూలుకెళ్ళే పిల్లవాడి వరకు అందరికీ తెలిసిన నియమం కావాలి. ఎవరో పంపిన ఫైలు తెరవడం, వారు చెప్పిన యాప్ వేసుకోవడం, మన ఫోను తెరను వారికి చూపించడం కూడా ఓటీపీ చెప్పడంతో సమానమే.

రెండవది: పన్ను వెబ్‌సైటులో మన ఫోను నంబరు, మన ఈ-మెయిలు ఉన్నాయో, ఏజెంటువి ఉన్నాయో చూసుకోవాలి. రిటర్ను వేసే పని ఎవరికి అప్పగించినా, ధ్రువీకరించే ముందు అందులో ఏం రాశారో చదివి తెలుసుకోవాలి. ఏఐఎస్ అనే వార్షిక సమాచార పట్టిక అక్కడే ఉంటుంది. మన పాన్ మీద మనకు తెలియని ఆదాయమో, లావాదేవీయో కనిపిస్తే వెంటనే అభ్యంతరం నమోదు చేయాలి.

మూడవది: ఆధార్ జిరాక్స్ ఇవ్వవలసి వస్తే దానిపై ఏ పని కోసమో, ఏ తేదీన ఇచ్చామో రాసి సంతకం చేయాలి. వీలైన చోట మొదటి ఎనిమిది అంకెలు కనిపించని మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వాలి. వేలిముద్రలను ఆధార్ వెబ్‌సైటులోగాని, యాప్‌లోగాని లాక్ చేసుకోవచ్చు. రేషను, పింఛను వేలిముద్రతో తీసుకునేవారు ఆ సమయానికి లాక్ తెరుచుకోవాలి, లేకపోతే మిషను తీసుకోదు.

నాలుగవది: మన పేరున ఎన్ని సిమ్‌లు ఉన్నాయో ప్రభుత్వ సంచార్ సాథీ వెబ్‌సైటులో తెలుసుకోవచ్చు. ఈ సౌకర్యం 2021లో మొదట మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే మొదలైంది. మనది కాని నంబరు కనిపిస్తే అక్కడే ఫిర్యాదు చేయవచ్చు.

అయిదవది: మోసం జరిగిందని తెలిసిన క్షణమే 1930 నంబరుకు ఫోను చేయాలి, బ్యాంకుకు తెలిపి ఖాతా ఆపించాలి. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. ఎంత త్వరగా చెబితే డబ్బు చేతులు మారకముందే ఆపడానికి అంత అవకాశం ఉంటుంది. ఇతర పనుల్లో నిదానం మంచిది గాని, ఈ పనిలో మాత్రం ఒక్క గంట కూడా ఆగకూడదు.

ఇంట్లో ఇంకా చెప్పలేదు అన్న మాట

చివరగా ఆ సోదరుని రెండో మాట దగ్గరికి వద్దాం. డబ్బు పోయిన నాలుగో రోజున ఆయన మా దగ్గరికి వచ్చాడు. ఆ నాలుగు రోజులూ భార్యకు చెప్పలేదు, బ్యాంకుకు చెప్పలేదు, పోలీసులకు చెప్పలేదు. కారణం సిగ్గు. అంత తెలివితక్కువగా ఎలా చెప్పావయ్యా అని నలుగురూ నవ్వుతారేమోనన్న భయం. దొంగ దోచుకున్నది లక్షా నలభై వేలు. తిరిగి దక్కే అవకాశాన్ని దోచుకున్నది ఆ భయం. ఆ భయం ఎక్కడి నుంచి వచ్చింది? మన నుంచే వచ్చింది. మోసపోయినవాణ్ణి చూసి నవ్వే మన అలవాటు నుంచి వచ్చింది.

మోసపోవడం పాపం కాదు, మోసగించడం పాపం. ఈ లోకంలో ఒక విశ్వాసి కష్టాన్ని తొలగించినవారి కష్టాన్ని ప్రళయ దినాన అల్లాహ్ తొలగిస్తాడని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. ఇంట్లో ఎవరికైనా ఇటువంటిది జరిగితే మొదట తిట్టకండి. పక్కన కూర్చొని 1930కు ఫోను కలపండి. ముసలి తండ్రి పొరపాటు చేస్తే ఆయన నమ్మకంగా మీతో చెప్పుకునేలా మీ ముఖం ఉండాలి. భర్త గల్ఫ్‌లో ఉంటే, భార్య భయపడకుండా ఫోను చేసి చెప్పగలగాలి.

ఆ రోజు మేము ఆ సోదరునితో కలిసి ఆయన ఇంటికి వెళ్ళాము. ఆయన భార్య అంతా విన్నది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, “మీరు నాలుగు రోజులు అన్నం తినకపోతే ఆ డబ్బు గురించే అనుకోలేదు, ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. అల్‌హందులిల్లాహ్, పోయింది డబ్బే” అన్నది. ఫిర్యాదు ఆ సాయంత్రమే నమోదయింది. కొంత సొమ్ము ఒక ఖాతాలో ఆగి ఉందని తర్వాత తెలిసింది. మిగతాది రాలేదు. పెళ్ళి కొన్ని నెలలు ఆలస్యంగా, ఆడంబరం లేకుండా మస్జిదులో నికాహ్‌తో జరిగింది.

అల్లాహ్ మన సంపదను, మన పేరును, మన ఇళ్ళను మోసగాళ్ళ నుంచి కాపాడుగాక! మన చేతిలో ఉన్న ఇతరుల అమానతులను కాపాడే శక్తిని మనకు ప్రసాదించుగాక! మన ఖాతాల్లోకి ఒక్క నిషిద్ధమైన రూపాయి కూడా రాకుండా చూచుగాక! ఆమీన్.